ఆటిజం కడుపులో మొదలవుతుందా? గట్ బ్యాక్టీరియా పరిశోధనలు ఎంతవరకు చెబుతున్నాయి

బెంగళూరులో మారతహళ్లి, కేఆర్ పురం, వైట్‌ఫీల్డ్ వైపు ఏ స్పీచ్ థెరపీ సెంటర్‌కి వెళ్ళినా బయట కుర్చీల్లో తెలుగు వినిపిస్తుంది. పిల్లాడు లోపల థెరపిస్టు దగ్గర ఉంటే, అమ్మానాన్నలు, ఒక్కోసారి ఊరి నుంచి వచ్చిన అమ్మమ్మ, బయట ఎదురుచూస్తుంటారు. ఈ మధ్య వాళ్ళ మాటల్లోకి కొత్త ప్రశ్న వచ్చింది: ‘మీ బాబుకి గట్ టెస్ట్ చేయించారా?’ ఆటిజం మెదడులో కాదు, పేగుల్లో మొదలవుతుందని ఒకరు అంటారు. పాలు, గోధుమ మాన్పించాక మాటలు వచ్చాయని ఇంకొకరు అంటారు. మంచి బ్యాక్టీరియా ఉండే ప్రోబయోటిక్ పొడి పేరు వాట్సాప్‌లో చేతులు మారుతుంది.

ఇవన్నీ గాలి కబుర్లు కావు. సెల్, నేచర్ మైక్రోబయాలజీ లాంటి పెద్ద సైన్సు పత్రికల్లో వచ్చిన పరిశోధనలు వీటి వెనక ఉన్నాయి. అయితే పరిశోధకులు రాసిన వాక్యం నాలుగు ఫార్వర్డ్‌లు దాటి ఒక తల్లి ఫోన్‌కి చేరేసరికి మారిపోతుంది. ‘సంబంధం ఉండొచ్చు’ అన్నది ‘కారణం ఇదే’ అవుతుంది. ‘ఎలుకల్లో’ అన్న మాట దారిలో రాలిపోతుంది. ఆ రాలిపోయిన మాటలను తిరిగి చేర్చి చూస్తే విషయం మరింత ఆసక్తిగా ఉంటుంది, మరింత చిక్కుగా కూడా ఉంటుంది.

ఆటిజం అంటే ఏమిటి, గట్ బ్యాక్టీరియా అంటే ఏమిటి

ఆటిజం అంటే మెదడు ఎదిగే తీరులో ఉండే తేడా. ఎదుటివాళ్ళతో కలవడం, చూపుతో, సైగతో, మాటతో మనసులోది పంచుకోవడం ఈ పిల్లల్లో వేరుగా ఉంటుంది. ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేయడం, అలవాటైనది మారితే తట్టుకోలేకపోవడం, కొన్ని శబ్దాలు, స్పర్శలు, రుచులు భరించలేకపోవడం కనిపిస్తాయి. 1943లో లియో కానర్ అనే వైద్యుడు దీన్ని విడిగా వర్ణించాడు. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ ఇప్పటికీ లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో అయినా, ఇంకెక్కడైనా, డాక్టర్లు పిల్లాడి ప్రవర్తన గమనించి, ఇంట్లోవాళ్ళను వివరంగా అడిగి నిర్ధారిస్తారు.

కారణాల్లో ఇప్పటివరకు బలంగా నిలబడింది జన్యువుల పాత్ర. డెన్మార్క్, స్వీడన్, ఫిన్‌లాండ్, ఇజ్రాయెల్, పశ్చిమ ఆస్ట్రేలియాల్లో పుట్టిన 20 లక్షల మంది పిల్లల వివరాలతో 2019లో వచ్చిన అధ్యయనం వారసత్వ వాటాను దాదాపు 80 శాతంగా లెక్కగట్టింది. ఈ అంకెను చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. ఒక పిల్లాడి ఆటిజంలో 80 శాతం జన్యువుల నుంచి, 20 శాతం ఇంకెక్కడి నుంచో వచ్చిందని దీని అర్థం కాదు. మొత్తం జనాభాలో ఒకరికి ఆటిజం ఉండి, మరొకరికి లేకపోవడంలో కనిపించే తేడాను జన్యువుల తేడాలు ఎంతవరకు వివరిస్తాయో చెప్పే అంకె ఇది. మిగిలిన వాటాలో ఏమున్నాయన్న వెతుకులాటలోనే పేగుల్లోని సూక్ష్మజీవుల మీదికి చాలామంది చూపు మళ్ళింది.

మన పేగుల్లో, ముఖ్యంగా పెద్దపేగులో, బ్యాక్టీరియా, వైరస్‌లు, ఫంగస్‌లు కలిసి బతుకుతాయి. ఈ సమూహాన్ని మైక్రోబయోమ్ అంటారు. 2016లో వేసిన ఒక అంచనా ప్రకారం ఒక మనిషి ఒంట్లో బ్యాక్టీరియా దాదాపు 38 లక్షల కోట్లు, మనిషి సొంత కణాలు 30 లక్షల కోట్లు. మనం అరిగించుకోలేని పీచు వీటికి తిండి. ఎవరి పేగుల్లో ఏ జాతులు ఎంతెంత ఉంటాయన్నది తిండి, వయసు, మందులు, ఊరు, చివరికి మోషన్ గట్టిగా వచ్చిందా పలచగా వచ్చిందా అన్నదాన్ని బట్టి కూడా మారుతుంది. ఈ చివరి మాట గుర్తుంచుకోవాలి. తర్వాత చాలా చిక్కులు ఇక్కడి నుంచే వస్తాయి.

కడుపు బాధలు మాత్రం నిజం

ఆటిజం ఉన్న పిల్లల్లో కడుపు ఇబ్బందులు ఎక్కువన్నది తల్లిదండ్రుల ఊహ కాదు. అంతవరకు వచ్చిన అధ్యయనాలను కలిపి 2014లో పీడియాట్రిక్స్ పత్రికలో చేసిన విశ్లేషణలో, మిగతా పిల్లలతో పోలిస్తే ఈ పిల్లల్లో జీర్ణ సమస్యలు నాలుగు రెట్లకు పైగా ఎక్కువగా కనిపించాయి. మలబద్ధకం, విరేచనాలు మూడు రెట్లకు పైగా, కడుపునొప్పి రెండు రెట్లకు పైగా ఉన్నాయి.

కాబట్టి ఆటిజానికీ కడుపుకీ ఏదో సంబంధం ఉందన్న దగ్గర వివాదం లేదు. ఆ సంబంధం ఎలాంటిది, అందులో బ్యాక్టీరియా పాత్ర ఎంత అన్నదే ప్రశ్న.

పేగు నుంచి మెదడుకు నిజంగా దారి ఉందా

ఉంది, ఒకటి కాదు. మెదడు అడుగు నుంచి కడుపు దాకా వేగస్ అనే పెద్ద నరం ఉంది. దాని ద్వారా పేగుల సమాచారం మెదడుకు చేరుతుంది. పేగుల గోడల్లో కోట్ల కొద్దీ నరాల కణాలతో ఒక సొంత వ్యవస్థ ఉంది. రోగనిరోధక కణాల్లో పెద్ద భాగం పేగుల చుట్టూనే ఉంటాయి, అవి విడుదల చేసే రసాయనాలు రక్తంలో తిరుగుతాయి. పీచును పులియబెట్టినప్పుడు బ్యాక్టీరియా బ్యూటిరేట్, ప్రొపియోనేట్ లాంటి ఆమ్లాలను తయారు చేస్తాయి, వాటిలో కొంత రక్తంలోకి వెళ్తుంది.

‘సెరటోనిన్ అనే రసాయనం 90 శాతం పేగుల్లోనే తయారవుతుంది, అందుకే మూడ్ అంతా కడుపు చేతిలో ఉంది’ అని తరచు వింటుంటాం. మొదటి సగం నిజం. కానీ పేగుల్లో తయారైన సెరటోనిన్ మెదడులోకి వెళ్ళలేదు, మధ్యలో ఉన్న రక్షణ పొర దాన్ని ఆపుతుంది. మెదడు తనకు కావలసిన సెరటోనిన్‌ను తనే తయారు చేసుకుంటుంది. ఆటిజం ఉన్నవాళ్ళలో కొందరికి రక్తంలో సెరటోనిన్ ఎక్కువగా ఉంటుందని 1961 నుంచీ తెలుసు. ఆ సంగతి ముఖ్యమైనదే గానీ, దాని నుంచి ‘కడుపు బాగుపడితే మెదడు మారుతుంది’ అన్న మాట దాకా నేరుగా రోడ్డు లేదు. దారి ఉండటం వేరు, ఆ దారి గుండానే ఆటిజం వచ్చిందని చూపించడం వేరు.

ఈ ఊహ ఎక్కడ మొదలైంది

1998లో అమెరికాలో ఒక తల్లి ఒక వ్యాసం ప్రచురించింది. ఆమె డాక్టరు కాదు. చెవి ఇన్‌ఫెక్షన్‌కి పదేపదే యాంటీబయాటిక్స్ వాడాక తన కొడుకు ఎదుగుదలలో వెనక్కి వెళ్ళిపోవడం ఆమె చూసింది. ఆ మందుల వల్ల పేగుల్లో మంచి బ్యాక్టీరియా పోయి, క్లాస్ట్రిడియం జాతివి పెరిగి, అవి విడుదల చేసే విషాలు మెదడును దెబ్బతీశాయేమోనని ఆమె ఊహ. 2000లో ఆ ఊహను పరీక్షిస్తూ, కొంతకాలం మామూలుగా ఎదిగి తర్వాత వచ్చిన మాటలు పోగొట్టుకున్న 11 మంది పిల్లలకు డాక్టర్లు 8 వారాలు వ్యాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను నోటి ద్వారా ఇచ్చారు. ఈ మందు పేగుల్లోనే ఉంటుంది, రక్తంలోకి దాదాపు పోదు. చాలామందిలో మెరుగు కనిపించింది. మందు ఆపాక ఆ మెరుగు చాలావరకు పోయింది.

ఆ తల్లి పట్టుదలను తేలిగ్గా తీసిపారేయలేం. ఆమె ప్రశ్న ఒక పరిశోధన రంగాన్నే కదిలించింది. అయితే అదే 1998లో, అదే కడుపు ఆటిజం సంబంధం పేరుతో మరొకటి జరిగింది. బ్రిటన్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 12 మంది పిల్లలతో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన వ్యాసం పేగుల వాపునూ ఆటిజాన్నీ ఎమ్ఎమ్ఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాతో ముడిపెట్టింది. వివరాలు వక్రీకరించారని తేలి 2010లో లాన్సెట్ దాన్ని వెనక్కి తీసుకుంది. అదే ఏడాది ఆయన వైద్యుడి గుర్తింపు రద్దయింది. టీకాల భయం మాత్రం మిగిలిపోయింది. ఆ తర్వాత చాలా ఏళ్ళు, కడుపు గురించి నిజాయితీగా పని చేసేవాళ్ళను కూడా అనుమానంగా చూశారు. నిజమైన కడుపునొప్పితో ఉన్న పిల్లలకు ఇది చేసిన నష్టం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు.

ఎలుకలు చూపించినది, చూపించలేనిది

2013లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్ పరిశోధకులు గర్భంతో ఉన్న ఎలుకలకు వైరస్ సోకినట్టు భ్రమ కలిగించే పదార్థం ఇచ్చారు. పుట్టిన పిల్లల్లో పేగు గోడ కాస్త కారడం, బ్యాక్టీరియా తేడా, ఆటిజాన్ని పోలిన కొన్ని ప్రవర్తనలు కనిపించాయి. బ్యాక్టీరాయిడిస్ ఫ్రాజిలిస్ అనే బ్యాక్టీరియాను ఇస్తే పేగు గోడ బాగుపడింది, గోలీలను మళ్ళీ మళ్ళీ పాతిపెట్టే అలవాటు, ఆందోళన తగ్గాయి. తోటి ఎలుకతో కలవడంలో మాత్రం మెరుగు రాలేదు. వార్తల్లో మొదటి సగమే వచ్చింది.

2019లో అదే సంస్థకు చెందిన సార్కిస్ మజ్మేనియన్ బృందం ఇంకొక అడుగు వేసింది. పుట్టినప్పటి నుంచి ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల్లోకి ఆటిజం ఉన్నవాళ్ళ మలంలోని బ్యాక్టీరియాను ఎక్కించారు. వాటి సంతానంలో ప్రవర్తన తేడాలు కనిపించాయని సెల్ పత్రికలో రాశారు. దీని మీద వచ్చిన అభ్యంతరం ఒక చిన్న లెక్కతో అర్థమవుతుంది. ఒక బాబు నుంచి తీసుకున్న శాంపిల్‌ను 20 ఎలుకలకు ఎక్కించామనుకుందాం. ఎలుకలు 20 ఉన్నా, వాటన్నిటిలో ఉన్నది ఒక్క బాబు పేగు సంగతే. వాటిని 20 విడి సాక్ష్యాలుగా లెక్కిస్తే, లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. ఆ అధ్యయనంలో ఎలుకలు చాలానే ఉన్నా, బ్యాక్టీరియా ఇచ్చిన మనుషులు కొద్దిమందే. దాతల వారీగా లెక్క మళ్ళీ వేస్తే తేడాలు చాలావరకు నిలబడవని విమర్శకులు చూపించారు.

ఇంకొక ఇబ్బంది కూడా ఉంది. ఆటిజాన్ని గుర్తించేది మాట, చూపు, ఎదుటి మనిషితో అనుబంధం బట్టి. ఎలుక గోలీలు పాతిపెట్టడాన్ని దానికి సాటిగా పెట్టడం ఒక ఒప్పందం మాత్రమే. ఒక దారి ఎలా పని చేస్తుందో తెలుసుకోవడానికి ఎలుకలు గొప్పగా పనికొస్తాయి. మన పిల్లాడికి ఎందుకు వచ్చిందో అవి చెప్పలేవు.

చింటూ ప్లేటులోంచి చూస్తే బాణం ఎటు తిరుగుతుంది

మారతహళ్లిలో ఉండే ఐదేళ్ల బాబును ఊహించుకుందాం, చింటూ అని పిలుద్దాం. చింటూకి ఆటిజం ఉంది. పెరుగన్నం, ఒకే రకం బిస్కెట్లు, ఆలూ చిప్స్ తప్ప ఏదీ ముట్టడు. పప్పులో టమాటా తొక్క నోటికి తగిలితే ఉమ్మేస్తాడు. ఆకుకూర వాసనకే లేచి వెళ్ళిపోతాడు. ఇది మొండితనం కాదు, ఆ స్పర్శ, ఆ వాసన అతనికి నిజంగా భరించరానివి. 2013లో వచ్చిన ఒక సమగ్ర విశ్లేషణ ప్రకారం, తిండి విషయంలో ఇలాంటి ఇబ్బందులు ఆటిజం ఉన్న పిల్లల్లో ఐదు రెట్లు ఎక్కువ.

మూడేళ్ళుగా ఇదే తిండి. పీచు లేదు. పీచు మీద బతికే బ్యాక్టీరియా జాతులు చింటూ పేగుల్లో తగ్గిపోయాయి. మోషన్ నాలుగు రోజులకోసారి. ఇప్పుడు ఇంట్లోవాళ్ళు వేల రూపాయలు పెట్టి స్టూల్ టెస్ట్ చేయించారు. రిపోర్టులో ఎర్ర రంగులో వచ్చింది: ‘బ్యాక్టీరియా వైవిధ్యం తక్కువ.’ అమ్మ గుండె గుభేలుమంది. ఇదే కారణమా?

ఆ రిపోర్టు అబద్ధం చెప్పడం లేదు. కానీ అది ఐదేళ్ల వయసులో తీసిన ఒక్క ఫోటో. బ్యాక్టీరియా తగ్గడం వల్ల ఆటిజం వచ్చిందో, ఆటిజం వల్ల తిండి తగ్గి, తిండి వల్ల బ్యాక్టీరియా తగ్గిందో అది చెప్పలేదు. ఒక్కసారి శాంపిల్ తీసుకుని రెండు గుంపులను పోల్చే అధ్యయనాలన్నిటికీ ఉన్న పరిమితి ఇదే. ఆటిజం మీద వచ్చిన బ్యాక్టీరియా అధ్యయనాల్లో ఎక్కువ భాగం ఇలాంటివే.

ఈ ముడిని నేరుగా పట్టుకున్నది 2021లో ఆస్ట్రేలియా నుంచి సెల్ పత్రికలో వచ్చిన అధ్యయనం. నా దృష్టిలో ఈ రంగంలో అందరూ తెలుసుకోవలసినది ఇదే. మొత్తం 247 మంది పిల్లలు: ఆటిజం ఉన్నవాళ్ళు 99 మంది, వాళ్ళ తోబుట్టువులు 51 మంది, సంబంధం లేని పిల్లలు 97 మంది. తోబుట్టువులను చేర్చడంలో తెలివి ఉంది. ఒకే ఇల్లు, ఒకే వంట, జన్యువుల్లోనూ సగటున సగం ఉమ్మడి. వీళ్ళ మలంలో 607 జాతులను పరిశీలిస్తే, ఆటిజంతో నిలకడగా ముడిపడినట్టు కనిపించింది ఒకే ఒక్క జాతి. తిండి, వయసు, మోషన్ గట్టిదనం మాత్రం బ్యాక్టీరియాతో గట్టిగా ముడిపడి ఉన్నాయి. ఆటిజం లక్షణాలు, ముఖ్యంగా స్పర్శ, రుచి సున్నితత్వం, కొన్నిటికే పరిమితమైన ఇష్టాలు తిండిని కుదిస్తాయని, కుదించిన తిండి బ్యాక్టీరియాను కుదిస్తుందని ఆ బృందం చెప్పింది. అంటే కారణాన్ని చూపే బాణం మెదడు నుంచి ప్లేటుకు, ప్లేటు నుంచి పేగుకు వెళ్తుంది.

మూడో అవకాశం కూడా ఉంది, దీన్ని చాలామంది మర్చిపోతారు. ఒకే కారణం మెదడునీ పేగునీ విడివిడిగా తాకవచ్చు. సీహెచ్‌డీ8 అనే జన్యువులో మార్పు వస్తే ఆటిజం వచ్చే అవకాశం చాలా ఎక్కువ. ఈ మార్పు ఉన్నవాళ్ళలో మలబద్ధకం కూడా తరచు ఉంటుంది. 2014లో జీబ్రాఫిష్ అనే చిన్న చేపల్లో ఆ జన్యువు పనిని తగ్గించి చూస్తే తల పరిమాణం పెరిగింది, పేగుల్లో నరాల కణాలు తగ్గి తిండి కదలిక మందగించింది. ఇక్కడ మెదడు తేడాకు పేగు కారణం కాదు, పేగు తేడాకు మెదడు కారణం కాదు. రెండూ ఒకే జన్యువు పని.

ఒకే పిల్లాడిలో ఈ మూడూ కలిసి ఉండొచ్చు కూడా. జన్యువు వల్ల పేగు నెమ్మదిస్తుంది, తిండి వల్ల ఇంకా నెమ్మదిస్తుంది, నొప్పి వల్ల నిద్ర పోతుంది, నిద్ర లేక చిరాకు పెరుగుతుంది.

మలపరీక్షతో ఆటిజం తెలుసుకోవచ్చన్న వార్త

ఆస్ట్రేలియా మాటే చివరి మాట అనుకుంటే అది కూడా తొందరే. 2024లో హాంకాంగ్ చైనీస్ యూనివర్సిటీ బృందం నేచర్ మైక్రోబయాలజీలో ఇంకా పెద్ద అధ్యయనం ప్రచురించింది. 1,627 మంది పిల్లలు, ఏడాది వయసు నుంచి 13 ఏళ్ల దాకా. బ్యాక్టీరియాతో పాటు వైరస్‌లు, ఫంగస్‌లు, ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవులు కూడా చూశారు. తిండి, మందులు, ఇతర సమస్యలను లెక్కలో సరిచేసిన తర్వాత కూడా తేడాలు మిగిలాయని చెప్పారు. 31 గుర్తులతో చేసిన కంప్యూటర్ నమూనా, ఎవరికి ఆటిజం ఉందో బాగానే వేరు చేయగలిగింది.

ఇలాంటి పరీక్ష నిజ జీవితంలో ఎలా ఉంటుందో లెక్క వేసి చూద్దాం. కేవలం ఉదాహరణగా, ఒక పరీక్ష ఆటిజం ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుందనీ, లేని 100 మందిలో 90 మందికి సరిగ్గా ‘లేదు’ అంటుందనీ అనుకుందాం. వంద మంది పిల్లల్లో ఒకరికి ఆటిజం ఉందనుకుందాం. 1,000 మందికి పరీక్ష చేస్తే ఆటిజం ఉన్న 10 మందిలో 9 మందిని పట్టుకుంటుంది. లేని 990 మందిలో 99 మందికి పొరపాటున ‘ఉంది’ అని చెబుతుంది. మొత్తం 108 ఎర్ర రిపోర్టుల్లో నిజమైనవి 9. ఆ 99 ఇళ్ళలో వచ్చే టెన్షన్‌ని ఏ పట్టికా కొలవదు. వినడానికి ‘90 శాతం’ గొప్పగా ఉన్నా, అందరి మీదా వాడితే జరిగేది ఇది. ఇప్పటికే అనుమానం ఉన్న పిల్లల్లో వాడితే లెక్క మెరుగ్గా ఉంటుంది. తేడా పరీక్షలో లేదు, ఎవరికి వాడుతున్నామన్న దానిలో ఉంది.

ఇంకొక మాట. ఆ పరీక్ష బాగా పని చేసినా సరే, బ్యాక్టీరియా కారణమని తేలినట్టు కాదు. చింటూ రోజూ ఏం తింటాడో చూసి కూడా అతనికి ఆటిజం ఉండొచ్చని చాలావరకు ఊహించవచ్చు. అంత మాత్రాన బిస్కెట్లు కారణం కావు.

చిన్న అధ్యయనాల ఫలితాలు ఒకదానితో ఒకటి ఎందుకు కలవవో కూడా ఇక్కడే చెప్పాలి. 500 జాతులను ఒక్కొక్కటిగా పోలిస్తే, అసలు ఏ తేడా లేకపోయినా, అనుకోకుండా వచ్చే అవకాశం 5 శాతం లోపు ఉంటే తేడాగా లెక్కించే గీటురాయి ప్రకారం 25 జాతులు యాదృచ్ఛికంగానే ‘తేడా ఉంది’ అని తేలతాయి. దాన్ని సరిచేసే పద్ధతులు ఉన్నాయి, అన్ని అధ్యయనాలూ వాటిని కచ్చితంగా పాటించవు. అందుకే ఒక అధ్యయనంలో పెరిగిందన్న బ్యాక్టీరియా మరోదానిలో తగ్గినట్టు వస్తుంది.

మార్చి చూస్తే పిల్లలు మారారా

కారణమా కాదా అన్నది తేల్చడానికి బలమైన దారి, బ్యాక్టీరియాను మార్చి ఏమవుతుందో చూడటం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీలో 2017లో 18 మంది పిల్లలకు రెండు వారాల వ్యాంకోమైసిన్, పేగుల శుభ్రత, ఆ తర్వాత కొన్ని వారాలు ఆరోగ్యవంతుల మలం నుంచి శుద్ధి చేసిన సూక్ష్మజీవులను ఇచ్చారు. కడుపు లక్షణాలు దాదాపు 80 శాతం తగ్గాయి. రెండేళ్ల తర్వాత చూసినా కడుపు మెరుగు చాలావరకు నిలిచింది. మొదట 83 శాతం మంది తీవ్ర ఆటిజం వర్గంలో ఉంటే, రెండేళ్ల తర్వాత ఆ వర్గంలో 17 శాతమే ఉన్నారు.

చదివిన ఏ తల్లికైనా గుండె వేగంగా కొట్టుకునే అంకెలు ఇవి. కానీ ఈ అధ్యయనంలో ఉత్తుత్తి మందు తీసుకున్న పోలిక గుంపు లేదు. ఎవరికి ఏం ఇస్తున్నారో తల్లిదండ్రులకూ పరీక్షించేవాళ్ళకూ తెలుసు. రెండేళ్లలో పిల్లలు పెరుగుతారు, థెరపీలు సాగుతాయి. యాంటీబయాటిక్, పేగుల శుభ్రత, సూక్ష్మజీవులు మూడూ ఇచ్చారు కాబట్టి, దేని వల్ల ఏం జరిగిందో విడదీయలేం.

పోలిక గుంపు ఎందుకంత ముఖ్యమో చెప్పడానికి ఈ రంగంలోనే ఒక పాత కథ ఉంది. సెక్రెటిన్ అనేది పేగుల్లో తయారయ్యే హార్మోన్. 1998లో ముగ్గురు పిల్లలకు జీర్ణ పరీక్షలో భాగంగా దాన్ని ఇచ్చాక వాళ్ళ చూపు, మాట మెరుగైనట్టు డాక్టర్లు రాశారు. అమెరికాలో ఎంతోమంది తల్లిదండ్రులు దాని కోసం ఎగబడ్డారు. 1999లో 60 మంది పిల్లలతో, సగం మందికి సెక్రెటిన్, సగం మందికి ఉప్పునీళ్ళు ఇచ్చి, ఎవరికి ఏది ఇచ్చారో తెలియకుండా పరీక్షించారు. రెండు గుంపుల్లోనూ పిల్లలు మెరుగైనట్టు నమోదైంది, మందు ఉప్పునీళ్ళ కంటే మెరుగు కాదు. ఆ ఫలితం తెలిశాక కూడా 69 శాతం మంది తల్లిదండ్రులు ఆ మందు మీద ఆసక్తిగానే ఉన్నారు. వాళ్ళను తప్పు పట్టలేం. ఆశతో చూసే కళ్ళకు చిన్న మార్పు కూడా పెద్దగా కనిపిస్తుంది, ఆ ఆశ లేకపోతే రోజూ థెరపీకి తీసుకెళ్ళే ఓపికా ఉండదు. కొలిచేటప్పుడు మాత్రం ఆశను పక్కన పెట్టే ఏర్పాటు కావాలి.

ప్రోబయోటిక్స్‌లో అలాంటి ఏర్పాటుతో చేసిన ట్రయల్స్ కొన్ని ఉన్నాయి. ఇటలీలో 85 మంది చిన్నపిల్లలకు ఆరు నెలలు ఇచ్చిన ఒక మిశ్రమం, ఆటిజం తీవ్రతలో ఉత్తుత్తి పొడి కంటే స్పష్టమైన తేడా చూపలేదు. కొందరు పిల్లల ఉపగుంపులో మాత్రం కొంత మెరుగు కనిపించింది. అక్కడే 43 మంది పిల్లలతో 2024లో వచ్చిన మరో ట్రయల్‌లో రుటెరి అనే లాక్టోబాసిల్లస్ రకం ఇతరులతో కలిసే తీరును కొంత మెరుగుపరిచింది. మొత్తం తీవ్రత, పదేపదే చేసే అలవాట్లు మారలేదు. ఆసక్తికరమైన విషయం, పిల్లల పేగుల్లో మొత్తం బ్యాక్టీరియా పొందిక కూడా మారలేదు. ఇది ఆశ ఉన్న చిన్న ఫలితం, ఇంకా పెద్ద ట్రయల్స్‌లో తేలాలి.

పాలు, గోధుమ మాన్పించే ఆహారం సంగతి. గ్లూటెన్ గోధుమలో, కేసిన్ పాలలో ఉండే ప్రోటీన్లు. 2016లో 14 మంది పిల్లల మీద, వాళ్ళకు తెలియకుండా వీటిని ఇస్తూ, మానుతూ చేసిన ట్రయల్‌లో ప్రవర్తనలో గానీ నిద్రలో గానీ మోషన్‌లో గానీ తేడా రాలేదు. 14 మంది అంటే చిన్న గుంపు, ఎవరో కొందరికి పనికొచ్చే అవకాశాన్ని అది పూర్తిగా కొట్టేయలేదు. మన ఇళ్ళలో దీని లెక్క వేరేగా ఉంటుంది. ఇడ్లీ, దోసె, అన్నంలో గ్లూటెన్ లేదు కాబట్టి ఆ సగం తేలికే అనిపిస్తుంది. కానీ ఉప్మా రవ్వ, సేమ్యా, చపాతీ, బిస్కెట్ పోతాయి, చాలా ఇంగువ డబ్బాల్లో కూడా గోధుమపిండి ఉంటుంది. కేసిన్ మానడం అంటే పెరుగు మానడం. చింటూ లాంటి పిల్లాడికి కాల్షియం, ప్రోటీన్ దాదాపు అంతా ఆ పెరుగన్నంలోంచే వస్తుంటే, అది తీసేశాక ప్లేటులో మిగిలేది చిప్స్.

మలం నుంచి తీసిన సూక్ష్మజీవులను ఎక్కించడంలో ఇంకో ప్రమాదం ఉంది. క్లాస్ట్రిడియాయిడిస్ డిఫిసిల్ అనే మొండి పేగు ఇన్‌ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ రాకుండా ఉండటానికి దీని ఆధారంగా చేసిన మందులకు అమెరికాలో 2022, 2023ల్లో అనుమతి వచ్చింది. ఆటిజానికి అలాంటి అనుమతి లేదు. సరిగ్గా పరీక్షించని మలం ద్వారా మందులకు లొంగని బ్యాక్టీరియా సోకి ఒక రోగి చనిపోయాడని 2019లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ హెచ్చరించింది.

సిజేరియన్ చేయించుకున్న తల్లుల ప్రశ్న

సిజేరియన్‌లో పుట్టిన బిడ్డకు తల్లి బ్యాక్టీరియా సరిగ్గా అందదు, అందుకే ఆటిజం వచ్చిందన్న మాట తెలుగు ఇళ్ళలో ఎక్కువ బాధ పెడుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. దీన్ని స్వీడన్‌లో దాదాపు 27 లక్షల మంది పిల్లల రికార్డులతో 2015లో పరిశీలించారు. మొత్తం జనాభాలో చూస్తే సిజేరియన్‌తో చిన్న సంబంధం కనిపించింది. ఒకే తల్లికి ఒక బిడ్డ సిజేరియన్‌లో, ఇంకో బిడ్డ మామూలు కాన్పులో పుట్టిన కుటుంబాల్లో పోలిస్తే ఆ సంబంధం మాయమైంది. అంటే ఆపరేషన్ కాదు, ఆ కుటుంబంలో ఉన్న ఇంకేదో ఆ సంబంధానికి కారణం. ఏళ్ల తరబడి తనను తాను నిందించుకునే తల్లి ఎవరైనా ఉంటే, ఆమె దాకా చేరాల్సిన ఫలితం ఇది.

శాస్త్రవేత్తలు ఎక్కడ విడిపోతున్నారు

2025 చివర్లో న్యూరాన్ పత్రికలో కెవిన్ మిచెల్, డారెన్ డాలీ, డొరొతీ బిషప్ ఒక కఠినమైన సమీక్ష రాశారు. మనుషుల మీద అధ్యయనాలు చిన్నవి, ఒకదానికొకటి విరుద్ధం. ఎలుకల మీదవి లెక్కల లోపాలతో ఉన్నాయి. ట్రయల్స్‌లో సరైన పోలిక గుంపులు లేవు. మొత్తం మీద బ్యాక్టీరియా ఆటిజానికి కారణమన్న వాదనకు పునాది లేదని వాళ్ళ వాదన. బలహీనమైన ఆధారాలు పది కలిపినా ఒక బలమైన ఆధారం కాదన్నది వాళ్ళ ముఖ్యమైన పాయింట్.

అటువైపు వాళ్ళ మాటలోనూ బలం ఉంది. ఆటిజం ఒకే రకం కాదు, కాబట్టి అందరినీ కలిపి సగటు తీస్తే, కడుపు సమస్యలు ఎక్కువగా ఉన్న ఒక ఉపగుంపులో ఉన్న నిజం కనిపించకుండా పోవచ్చు. పెద్ద అధ్యయనాల్లో తిండి ప్రభావాన్ని సరిచేశాక కూడా కొన్ని తేడాలు మిగులుతున్నాయి. 1997-99 మధ్య పుట్టిన స్వీడన్ పిల్లలు 16 వేల మందికి పైగా చిన్నప్పటి నుంచి ఒక అధ్యయనంలో ఉన్నారు. ఆటిజం, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత నిలవకపోవడం, అతి చురుకుదనం) లాంటివి తర్వాత నిర్ధారణ అయిన పిల్లల్లో, ఏడాది వయసులో తీసి దాచిన మలం శాంపిల్స్‌లోనే కొన్ని తేడాలు ఉన్నాయని 2024లో ఆ బృందం రాసింది. అది చింటూ లాంటి ఐదేళ్ల ఫోటో కాదు, నిర్ధారణకు ఎంతో ముందు తీసిన ఫోటో. కారణాన్ని నిరూపించదు గానీ, బాణం ఎప్పుడూ ఒకే వైపు ఉంటుందని ఎవరూ ధీమాగా చెప్పలేకుండా చేస్తుంది.

నా వరకు ఇప్పటి ఆధారాలు తిండి వైపు నుంచి వచ్చే వివరణకే ఎక్కువ మొగ్గుతున్నాయి, తలుపు మాత్రం మూసుకోలేదు. దాన్ని తేల్చగలిగేవి పుట్టుక నుంచి తోబుట్టువులను కూడా అనుసరిస్తూ, తిండిని కూడా రాసిపెట్టే అధ్యయనాలు, సరైన పోలిక గుంపుతో చేసే పెద్ద ట్రయల్స్. మన ఆహారం, మన పిల్లలతో అలాంటివి జరగడం ఇంకా ముఖ్యం. పప్పు, పెరుగు, బియ్యం మీద పెరిగే పేగు ఆస్ట్రేలియా పేగులా ఉండదు.

మాట రాని పిల్లాడి కడుపునొప్పి

కారణం ప్రశ్న తేలినా తేలకపోయినా ఒక సంగతి మీద రెండు వైపులవాళ్ళూ కలుస్తారు. ఆటిజం ఉన్న పిల్లల కడుపు సమస్యలను మిగతా పిల్లల సమస్యల్లాగే సీరియస్‌గా పరీక్షించాలని 2010లో పీడియాట్రిక్స్ పత్రికలో నిపుణుల బృందం ఏకాభిప్రాయ నివేదిక ఇచ్చింది. మాటలు రాని పిల్లాడు నొప్పిని నోటితో చెప్పలేడు. కుర్చీ అంచుకు పొట్ట అదుముకోవడం, ఉన్నట్టుండి తల కొట్టుకోవడం, రాత్రి లేచి ఏడవడం, బాత్రూమ్ అంటేనే భయపడటం అతని మాట కావచ్చు. చాలాసార్లు వీటిని ‘ఆటిజంలో ఇవి మామూలే’ అని వదిలేస్తారు. మలబద్ధకం అయితే దానికి మామూలు పిల్లల వైద్యమే ఉంది, ఖరీదైన రిపోర్టు అక్కర్లేదు.

ట్రయల్స్ ఫలితాలను చదివేటప్పుడు కూడా ఇదే గుర్తుంచుకోవాల్సిన విషయం. వాటిలో చాలావరకు మార్పును కొలిచేది తల్లిదండ్రులు నింపే ప్రశ్నపత్రంతో. అందులో చిరాకు, ఏడుపు, నిద్ర, కోపం లాంటివి ఉంటాయి. కడుపునొప్పి తగ్గిన ఏ పిల్లాడైనా బాగా నిద్రపోతాడు, తక్కువ ఏడుస్తాడు, థెరపీలో ఎక్కువసేపు కూర్చుంటాడు, స్కోరు మెరుగవుతుంది. అతని మెదడు సమాచారాన్ని అందుకునే తీరు మారి ఉండకపోవచ్చు. నొప్పి తగ్గినందువల్ల వచ్చిన మార్పునూ ఆటిజంలో వచ్చిన మార్పునూ విడిగా కొలిచేలా ట్రయల్ రూపొందించనంత వరకు, ‘బ్యాక్టీరియా మార్చాం, పిల్లాడు మారాడు’ అన్న వాక్యంలో రెండో సగానికి రెండు అర్థాలు ఉంటూనే ఉంటాయి.